పుస్తకం మూశాక మొదలయ్యే మాట
(వట్టికోట ఆళ్వారుస్వామి స్మారకోపన్యాసం, నాచారం)

సభకు నమస్కారం. ముందు వరుసల్లోని పెద్దలకు ఒకసారి, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ కాలేజీ పిల్లలకు రెండుసార్లు. ఈ సాయంత్రం మాట్లాడేది వాళ్ల గురించి. మన ఊళ్లో పిల్లల చదువు మీద జరిగే సభలన్నిట్లోనూ పిల్లలు నిలబడే ఉంటారు, మైకు మాత్రం వాళ్ల దాకా వెళ్లదు. ఆ లోపం ఇవాళ్టి సభకూ ఉంది. చివర్లో దాని సంగతి చెప్తాను.

ఆళ్వారుస్వామి గారి పేరున మాట్లాడమన్నప్పుడు పుస్తకాల గురించి తప్ప మరో విషయం తోచలేదు. ఆయన 1915 నవంబరు 1న నకిరేకల్ ప్రాంతంలోని ఓ పల్లెలో పుట్టారు. బడి చదువు పెద్దగా లేదు. ఇళ్లల్లో వంట చేశారు, హోటల్లో సర్వరుగా పనిచేశారు, ప్రూఫులు దిద్దారు. 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల మొదలుపెట్టారు. అచ్చువేసిన పుస్తకాలను దుకాణంలో పేర్చి ఎవరొస్తారా అని కూర్చోలేదు. సంచిలో వేసుకుని ఇల్లిల్లూ తిరిగారు. ఆ రోజుల్లో నిజాం రాజ్యంలో తెలుగు చదవగలిగినవాళ్లే తక్కువ, కొనగలిగినవాళ్లు ఇంకా తక్కువ. అలాంటి చోట తెలుగు పుస్తకాన్ని గడప దగ్గరికి మోసుకెళ్లడం వ్యాపారంగా చూస్తే శుద్ధ దండగ. అయినా తిరిగారు. జైలుకెళ్లారు, అక్కడి మనుషుల్ని ‘జైలు లోపల’ కథల్లో పెట్టారు. ‘ప్రజల మనిషి’, ‘గంగు’ నవలలు రాశారు. 1961 ఫిబ్రవరి 5న, నలభై ఆరేళ్లయినా నిండకుండానే వెళ్లిపోయారు. దాశరథి తన మొదటి పుస్తకం ‘అగ్నిధార’ను అంకితమిచ్చింది ఈయనకే. ఒక కవి తన తొలి పుస్తకాన్ని, పుస్తకాలు మోసిన మనిషి చేతిలో పెట్టాడు.

ఆయన పుస్తకాలు ఇచ్చారు అని ఆపేస్తే సగమే చెప్పినట్టు. గడప దగ్గర పుస్తకం అమ్మాలంటే దాని గురించి మాట్లాడక తప్పదు. ఇందులో ఏముంది, ఎవరు రాశారు, చదివితే నాకేం ఒరుగుతుంది అని ఆ ఇంటివాళ్లు అడుగుతారు. జవాబు చెప్పాలి. మళ్లీ అదే వీధికి వెళ్లినప్పుడు ఎలా ఉందని అడగాలి. తెలంగాణలో చదువరులు ఇలా, అడిగేవాడూ చెప్పేవాడూ ఎదురెదురుగా నిలబడితే తయారయ్యారు. నేనివాళ నొక్కి చెప్పదలచుకున్నది ఇదొక్కటే. పిల్లల చేతికి పుస్తకం అందించడం మనకు ఎంతో కొంత వచ్చింది. చదివినవాడితో కూర్చుని మాట్లాడడం మర్చిపోయాం.

కాస్త వెనక్కి వెళ్తాను. 1901 సెప్టెంబరు 1న ఇక్కడికి పది కిలోమీటర్ల లోపలే, నాటి రెసిడెన్సీ బజారులో, శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, నాయని వెంకటరంగారావు, రావిచెట్టు రంగారావు దాని వెనక నిలిచారు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వచ్చింది. తర్వాత ఒక్కొక్క తాలూకాకూ పాకింది. పుస్తకాలు తక్కువే ఉండేవి, కొన్నిచోట్ల ఒక బీరువాకు సరిపోయేన్ని. కానీ అక్కడికి మనుషులు వచ్చేవారు. పత్రిక ఒకరు పైకి చదివితే అక్షరం రానివాళ్లు వినేవారు, విన్నదాని మీద వాదించుకునేవారు.

1921లో వివేకవర్ధినిలో జరిగిన సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలిచేశారు. ఆ అవమానంలోంచి ఆంధ్ర జనసంఘం పుట్టిన సంగతి ఇక్కడున్న పెద్దలకు తెలుసు. ఆ సంఘం పెట్టుకున్న పనుల్లో గ్రంథాలయాలు, పఠన మందిరాలు తెరవడం ఒకటి. మాట్లాడనివ్వలేదన్న కోపంతో మొదలైనవాళ్లు లైబ్రరీలు పెట్టాలనుకోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆలోచిస్తే ఆశ్చర్యం లేదు. నిజాం సర్కారు గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వుతో, సభ పెట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలంది. గ్రంథాలయాల మీదా కన్నేసి ఉంచింది. మూసిన బీరువాలో ఉన్న పుస్తకాన్ని చూసి ఏ సర్కారూ భయపడదు. పదిమంది చుట్టూ కూర్చుని చర్చించే పుస్తకాన్ని చూసి భయపడుతుంది. ఈ విషయం అర్థం కావడానికి మన సాంస్కృతిక సంఘాలకన్నా నాటి కొత్వాలుకే తక్కువ సమయం పట్టింది.

సరిహద్దుకు అవతల అయ్యంకి వెంకటరమణయ్య, పాతూరి నాగభూషణం గార్లు గ్రంథాలయాల కోసం చేసింది వేరే రాజ్యంలో, కొంత సులువైన గాలిలో. అయినా పాతూరి వారి పడవ గ్రంథాలయం చెప్పుకోకుండా ఉండలేను. 1935లో పెదపాలెం సేవాశ్రమం వాళ్లు కాలువలో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య తిరిగే పడవలో పుస్తకాలు పెట్టారు. ప్రయాణం నెమ్మది, పక్కవాడు ఎటూ పోలేడు, చేతిలో పుస్తకం. ముచ్చట పడకుండా ఎట్లా ఉంటుంది? మన నాగోలు–రాయదుర్గం మెట్రోలో జనం కిక్కిరిసి ఉంటారు, ప్రయాణం దాదాపు గంట. పక్కవాడు ఎటూ పోలేడన్నది అక్కడా నిజమే. కానీ చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటాయి.

ఇప్పుడు మన పేటల సంగతి. ఉప్పల్, నాచారం, హబ్సిగూడ, రామంతాపూర్, మల్లాపూర్. హైదరాబాదును ఎవరైనా బయటివాళ్లకు చూపిస్తే ఇటువైపు తీసుకురారు, మ్యాచ్ ఉంటే తప్ప. కానీ తార్నాక నుంచి ఉప్పల్ రింగురోడ్డు దాకా ఉన్న ఆ కాస్త దూరంలో ఎన్ని ఉన్నాయో చూడండి. 1944లో పుట్టి తర్వాత ఐఐసీటీ అయిన పరిశోధనాలయం, 1961 నాటి ఎన్‌జీఆర్‌ఐ, 1977లో మొదలైన సీసీఎంబీ. ఇటు నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడలు, ఈఎస్‌ఐ ఆస్పత్రి, ఎన్టీఆర్ కట్టిన రామకృష్ణా స్టూడియో. అటు రామంతాపూర్‌లో దూరదర్శన్. జన్యువుల మీద పనిచేసేవాళ్లూ, లేత్ మెషీన్ మీద పనిచేసేవాళ్లూ, సినిమాల్లో లైట్లు మోసినవాళ్లూ ఒకే కూరగాయల మార్కెట్లో బేరమాడతారు. వరంగల్, నల్లగొండ, జనగామ వైపు నుంచి బస్సు దిగి ఇక్కడే ఆగిపోయిన కుటుంబాలు లెక్కలేనన్ని. ఒడిశా, బిహార్ నుంచి వచ్చి పారిశ్రామికవాడలో పనిచేసుకునేవాళ్లూ వాళ్ల పిల్లలూ ఇప్పుడు మనవాళ్లే. కథలకు ఇంతకన్నా ముడిసరుకు ఉన్న ప్రాంతం నగరంలో మరొకటి చూపించమనండి.

మరి ఇక్కడ ఒక పద్దెనిమిదేళ్ల అమ్మాయి నవల చదివి, బాగుందో బాగాలేదో ఎవరితోనైనా చెప్పుకోవాలంటే ఎక్కడికి వెళ్లాలి? నవోదయ బుక్ హౌస్ కాచిగూడలో. పాత పుస్తకాల సంత ఆదివారం ఆబిడ్స్‌లో. కవులూ నాటకాలవాళ్లూ చేరే లామకాన్ బంజారాహిల్స్‌లో. డిసెంబరులో బుక్ ఫెయిర్ ఎన్టీఆర్ స్టేడియంలో. ఇక్కడ వీధివీధికీ పుస్తకాల షాపు ఉంది, కానీ దానిలో నోటుబుక్కులూ గైడ్లూ అట్టలూ అమ్ముతారు. ఒకప్పుడు కాలనీల్లో అద్దె పుస్తకాల కొట్లుండేవి. రోజుకు ఇంతని అద్దె, బైండు చేసిన వారపత్రిక సీరియళ్లు, యద్దనపూడి, యండమూరి, మల్లాది. సాహిత్య పండితులు వాటిని చూసి ముక్కు విరిచారు. నేనైతే విరవను. ఆ కొట్టు అరుగు మీద “తర్వాతి భాగం ఎవరు తీసుకెళ్లారు?” అనే ప్రశ్న చుట్టూ జరిగిన వాదనలు మన విశ్వవిద్యాలయ సెమినార్లలో జరగలేదు. టీవీ వచ్చి, అద్దె కట్టలేక, అవి మూతపడ్డాయి. వాటి చోట ఇంకేదీ రాలేదు.

“ప్రభుత్వ గ్రంథాలయాలున్నాయిగా” అంటారు. ఉన్నాయి. నడిపేది మీరే, తెలుసో తెలియదో. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం స్థానిక సంస్థలు ఆస్తి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు వసూలుచేసి గ్రంథాలయ సంస్థకు ఇవ్వాలి. ఉప్పల్ కలాన్ మున్సిపాలిటీగా ఉన్నప్పుడూ కట్టారు, 2007 ఏప్రిల్లో గ్రేటర్‌లో కలిశాకా కడుతున్నారు. ఈసారి ఇంటి పన్ను నోటీసు వచ్చినప్పుడు ఆ వరుస చూడండి. వసూలైన సొమ్ము గ్రంథాలయాలకు సకాలంలో చేరడం లేదన్న ఫిర్యాదు ఏళ్ల తరబడి పత్రికల్లో వస్తూనే ఉంది. డ్రైనేజీ పొంగితే వార్డు ఆఫీసుకు వెళ్తాం, వీధిలైటు వెలగకపోతే ఫోన్ చేస్తాం. మా 8 పైసలు ఏమయ్యాయని అడిగిన కాలనీ సంఘాన్ని మాత్రం నేను చూడలేదు.

ఇక ఆ లైబ్రరీల్లో ఏం జరుగుతోంది? చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి ఉదయమే వెళ్లండి. కుర్చీ దొరకదు. గ్రూప్స్, కానిస్టేబుల్, డీఎస్సీ పరీక్షలకు చదివేవాళ్లు. సొంత పుస్తకాలు, టిఫిన్ డబ్బా, నీళ్ల సీసాతో వచ్చి రాత్రి దాకా కూర్చుంటారు. వాళ్లను చూసి “ఇదేం చదువు” అని వెక్కిరించే పెద్దమనుషులంటే నాకు చిరాకు. అద్దె గదిలో నలుగురు సర్దుకునే పిల్లాడికి ప్రశాంతంగా కూర్చునే చోటు ఇంకేదీ లేదు, ఉద్యోగం రాకపోతే తిరిగి ఊరికి వెళ్లలేడు. అతనికా కుర్చీ కావాల్సిందే. నా బాధ వేరు. నిశ్శబ్దం పాటించండి అన్న బోర్డు కిందే లైబ్రరీ మొత్తం నడుస్తోంది. మాట్లాడుకోవడానికి ఒక గది, వారానికి ఒక గంట, ఏ లైబ్రరీలోనైనా ఉందా? వట్టికోట నాటి పఠన మందిరంలో మాటకే మొదటి చోటు. మన దగ్గర మాటకు జరిమానా.

“ఈ కాలం పిల్లలు చదవరండీ” అనేమాట ఇక్కడ కనీసం సగంమంది మనసులో ఉంది. దాన్ని నేను పూర్తిగా ఒప్పుకోను. బుక్ ఫెయిర్‌కు వెళ్లినవాళ్లకు తెలుసు, స్టాళ్ల ముందు ఎక్కువ కనిపించేది ఇరవైల్లో ఉన్నవాళ్లే. కొత్త ప్రచురణకర్తలు వచ్చారు, కొత్త రచయితల నవలలు పునర్ముద్రణలకు వెళ్తున్నాయి. హర్షణీయం లాంటి పాడ్‌కాస్టులో తెలుగు కథలు చెవిన వేసుకుంటూ ఆఫీసుకెళ్లేవాళ్లున్నారు. కానీ ఇంకోవైపు చూడకుండా ఉత్సాహపడడం అన్యాయం. అసర్ సర్వే ప్రకారం, గ్రామీణ తెలంగాణలో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2018లో నూటికి 18.1 మంది, 2022లో 5.2 మంది. మధ్యలో కరోనా కాలపు మూసిన బళ్లున్నాయి. అది పల్లెల లెక్క, మనది నగరం అని దులుపుకోవద్దు. మన సర్కారు బడుల్లో చేరుతున్నది ఆ పల్లెల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలే. 2022లో ప్రభుత్వం ఒకటి నుంచి తొమ్మిదో తరగతి వరకు వంద రోజుల పఠన కార్యక్రమం పెట్టింది. అది మొదలైన తేదీ ఫిబ్రవరి 5. వట్టికోట వర్ధంతి. కావాలని పెట్టారనుకోను. కలిసొచ్చిందంతే. వంద రోజులు మంచిదే. నూట ఒకటో రోజు ఏమిటన్నదే ప్రశ్న.

ఆ నూట ఒకటో రోజుకు జవాబు గిజుభాయి బధేకా గుజరాతీలో 1930ల మొదట్లోనే రాసిపెట్టారు. ‘దివాస్వప్న’ అనే చిన్న పుస్తకం. తెలుగులో ‘పగటి కల’గా దొరుకుతుంది. ఇక్కడున్న టీచర్లు చదవకపోతే వెంటనే చదవాలి. ఒక కుర్ర మాస్టారు నాలుగో తరగతి తీసుకుంటాడు. మొదటిరోజు అతని పథకాలన్నీ గోలలో కొట్టుకుపోతాయి. రెండోరోజు కథ చెప్పడం మొదలుపెడతాడు, క్లాసు కదలదు. కొన్నాళ్లకు కథల పుస్తకాలు తెచ్చి పిల్లల మధ్య పెడతాడు. తర్వాత అసలైన ఎత్తు వేస్తాడు: ఒక్కొక్కరూ అదే పాఠ్యపుస్తకం కొనడం ఎందుకు, ఆ డబ్బుతో తలా ఒక వేరే పుస్తకం కొంటే తరగతికొక లైబ్రరీ అవుతుంది కదా అంటాడు. తల్లిదండ్రులు గొణుగుతారు, తోటి మాస్టార్లు నవ్వుతారు, తనిఖీ అధికారి అనుమానంగా చూస్తాడు. దాదాపు వందేళ్ల కిందటి గుజరాత్ బడి అది. పాత్రల పేర్లు మారిస్తే మన ఉప్పల్ బడే.

ఆ మాస్టారు చేసినదాంట్లో నాకు నచ్చింది, కథ అయ్యాక నీతి ఏమిటని అడగకపోవడం. మనం అడుగుతాం. నీతి ఏమిటి, రచయిత ఎప్పుడు పుట్టాడు, బిరుదులేమిటి, సందర్భ సహిత వ్యాఖ్య రాయుము. పదేళ్లు అలా అడిగించుకున్న పిల్ల పదకొండో ఏట కథ కనిపిస్తే తప్పుకుపోతుంది. దోషం ఆ పిల్లది కాదు. చదివించడం పేరుతో మనం పెట్టినవన్నీ పరీక్షలే, ఒక్కటీ సంభాషణ కాదు.

ఇంత దూరం గుజరాత్ దాకా వెళ్లి చెప్తున్నాను గాని, పిల్లల పుస్తకాల మీద ఏళ్లుగా పనిచేస్తున్న ‘మంచి పుస్తకం’ వాళ్లు ఉన్నది మన తార్నాకలోనే. చవకగా, బొమ్మలతో, తెలుగులోనూ రెండు భాషల్లోనూ పుస్తకాలు వేస్తున్నారు. నాచారం నుంచి ఆటోలో వెళ్లిరావచ్చు. బడికి వెయ్యి రూపాయలతో ఎన్ని పుస్తకాలొస్తాయో అక్కడికి వెళ్లి చూస్తే, గణేశ్ మండపం లైటింగుకు మనం పెట్టే ఖర్చు గుర్తొచ్చి కొంచెం సిగ్గేస్తుంది. వాళ్లకన్నా ముందు, 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తొలిరోజుల్లోనే అలెక్స్ హేలీ ‘రూట్స్’ను సహవాసి చేత ‘ఏడు తరాలు’గా తెలుగు చేయించింది. అమెరికా నల్లజాతివాళ్ల కథ. దాన్ని మన ఊళ్లల్లో యువకులు చేతులు మారుస్తూ చదివారు. చదివినవాళ్లు మా తాతల సంగతేమిటని ఇంట్లో అడగడం మొదలుపెట్టారు. ఒక పుస్తకం ఒక తరాన్ని కదిలించిందని ఊరికే అంటుంటాం, ఈ పుస్తకం విషయంలో ఆ మాట అతిశయోక్తి కాదు. ఎందుకంటే అది చదివినవాళ్లు చదివి ఊరుకోలేదు. మండలకేంద్రాల్లో, హాస్టళ్లలో, యూనియన్ ఆఫీసుల్లో దాని మీద రాత్రుళ్లు మాట్లాడుకున్నారు.

పుస్తకం మీద మాట్లాడుకోవడం ఎంత కష్టమైన పని? డెట్రాయిట్ తెలుగు లిటరరీ క్లబ్ వాళ్లను అడగాలి. 1998లో మొదలుపెట్టారు. పద్ధతి చాలా మామూలుది. ఒక పుస్తకం అనుకుంటారు, అందరూ ముందే చదివి వస్తారు, కూర్చుని చర్చిస్తారు. ఆ ఊళ్లో చలికాలం ఎట్లా ఉంటుందో వెళ్లినవాళ్లను కనుక్కోండి. మంచులో కారు నడుపుకుంటూ వెళ్లి తెలుగు నవల మీద పోట్లాడుకుని వస్తున్నారు. పగలంతా కార్ల కంపెనీల్లోనో ఆస్పత్రుల్లోనో పని. మనకు హబ్సిగూడ చౌరస్తా నుంచి నాచారం రావడానికి ట్రాఫిక్ అడ్డం. ఉప్పల్ నుంచి నారపల్లి వైపు ఎన్నో ఏళ్లుగా నిలబడి ఉన్న ఆ ఫ్లైఓవర్ పిల్లర్లు అడ్డం. సరే, అవి నిజంగానే అడ్డం, ఒప్పుకుంటాను.

మాట్లాడడం పిల్లలకు రాదని కూడా అంటారు. ఇది నేను ససేమిరా ఒప్పుకోను. 2024 మార్చి 27న ఉప్పల్ స్టేడియంలో సన్‌రైజర్స్ 3 వికెట్లకు 277 కొట్టిన రాత్రి తర్వాత, ఇక్కడి ఏ టీ కొట్టు దగ్గరైనా నిలబడి విన్నారా? ఎవరికి ఏ ఓవర్ ఎందుకిచ్చారు, పిచ్ ఎట్లా ఉంది, కెప్టెన్ ఎక్కడ తడబడ్డాడు, నిరుడైతే ఏమయ్యేది. సాక్ష్యం చూపిస్తారు, ఎదుటివాడి వాదన విని తిప్పికొడతారు, ఓడిపోయిన జట్టులో కూడా ఒకడిని మెచ్చుకుంటారు. సాహిత్య విమర్శకుడికి కావాల్సిన సరంజామా అంతా అదే. కొత్త సినిమా విడుదలైన శుక్రవారం కూడా అంతే. స్క్రీన్‌ప్లే అనే మాట నాచారంలో పదో తరగతి పిల్లాడి నోట ఎంత సునాయాసంగా వస్తుందో! ఈ తెలివినే పుస్తకం మీదికి మళ్లించాలి. క్రికెట్ పిచ్చి ఉన్న పిల్లాడికి ‘అసమర్థుని జీవయాత్ర’ ఇచ్చి చదవమంటే పారిపోతాడు. వీవీఎస్ లక్ష్మణ్ ఆత్మకథ ‘281 అండ్ బియాండ్’ ఇవ్వండి. ఆ స్టేడియంలో ఒక స్టాండుకే ఆయన పేరు పెట్టారు. అది ఇంగ్లీషులో ఉంటే ఏమైంది?

ఇంగ్లీషు మాట వచ్చింది గనుక చెప్పేస్తాను. తెలంగాణలో బడుల్లో తెలుగు తప్పనిసరి చేస్తూ 2018లో చట్టం వచ్చింది. మంచి చట్టమే, దానివల్ల పిల్లలు తెలుగులో పాసవుతున్నారు. చదువరులు అవుతున్నారని మాత్రం చెప్పలేం. తెలుగు మాట్లాడుతూ ఇంగ్లీషులో మాత్రమే చదవగలిగే యువతీయువకులు మన అపార్టుమెంట్లలో నిండా ఉన్నారు. వాళ్లను చూసి భాష చచ్చిపోతోందని శోకాలు పెట్టేకన్నా, ఒక కథ పైకి చదివి వినిపించడం మేలు. కళ్లకు కష్టమైన తెలుగు చెవులకు కష్టం కాదు. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ చదివి వినిపించండి. అందులో అప్పల్రాముడి అప్పు, ఊరి పెద్దల న్యాయం, చివర్లో జరిగిన ఘోరం. విన్నాక ఎవరూ మాట్లాడమనక్కర్లేదు. ఆ చివర మీద మన సాహిత్యలోకం దశాబ్దాలుగా కొట్లాడుతూనే ఉంది. ఈఎంఐల మీద బతికే ఇళ్లల్లోని పిల్లలకు అప్పు కథ అర్థం కాకపోవడం ఏమిటి? నాచారం పిల్లల దగ్గర ఆ కథ మీద కొత్త మాట ఒకటి ఉంటుందని నా నమ్మకం. ఇళ్లల్లో హిందీ, ఒడియా మాట్లాడే పిల్లలు కూడా, కథ విని మాట్లాడుకునే ఆ గదిలో ఉండాలి. వాళ్ల భాషలో ఇలాంటి కథ ఎవరు రాశారో వాళ్లు చెప్పాలి. మనకు ఫకీర్ మోహన్ సేనాపతి పేరు తెలుసో లేదో అప్పుడు బయటపడుతుంది.

ఈ గది ఎట్లా ఉండాలన్న దానిమీద నాకు కొన్ని పట్టుదలలున్నాయి. శాలువాలు వద్దు. ముఖ్య అతిథి వద్దు. రచయిత పరిచయం పేరుతో అరగంట తినేసే పెద్దమనిషి అసలే వద్దు. నాలాంటివాణ్ణి గుమ్మం దగ్గరే ఆపేయండి. పది, పన్నెండుమంది చాలు. పుస్తకం పెద్దదైతే సగంమంది చదవకుండా వస్తారు, అందుకని మొదటి ఆరు నెలలూ ఒక్కోసారికి ఒక కథ, లేదా వంద పేజీల్లోపు నవల. ఎంచుకోవడం పిల్లల చేతిలో ఉండాలి. వాళ్లు ఎంచుకునేది మీకు చెత్తగా తోచవచ్చు, పళ్లు బిగబట్టండి. “నాకు నచ్చలేదు” అని ఎవరైనా అంటే దాన్ని తప్పుగా చూడకూడదు, ఎక్కడ నచ్చలేదో పేజీ చూపించమనాలి. ‘కన్యాశుల్కం’ మీద ఒక ఇంటర్ అమ్మాయి గిరీశం కన్నా మధురవాణే గడుసుది, ఆమెను మీరు దేవతను చేస్తున్నారు అంటే, పెద్దవాళ్లు నవ్వి తోసెయ్యకూడదు. 1892లో మొదటిసారి ఆడిన నాటకం, గురజాడ 1909లో దాదాపు కొత్తగా తిరగరాసిన నాటకం. రాసినవాడే ఒకసారి మనసు మార్చుకున్నాడు, చదివే పిల్లకు ఆ హక్కు లేదా? చలం ‘మైదానం’ గురించి అడిగితే టీచర్లు తల తిప్పేసుకుంటారు. అడిగిన పిల్లలు అది ఎటూ చదివేశారు. వాళ్లకిక మిగిలింది మాట్లాడేవాడే.

ఇందులో నా పట్టుదలకు ఒక అభ్యంతరం చెప్పుకోవాలి. ఈమధ్య బెంగళూరు కబ్బన్ పార్కులో మొదలైన ఒక పద్ధతి దేశమంతా పాకింది, మన నగరానికీ వచ్చింది. శనివారం చాపలు పరుచుకుని ఎవరి పుస్తకం వాళ్లు మౌనంగా చదువుకుంటారు. చర్చ ఉండదు. చర్చంటే భయపడే పిల్లలు, నోరు విప్పితే తప్పు దొరుకుతుందేమోనని బెదిరేవాళ్లు, అక్కడికి హాయిగా వస్తారు. నేను మాట మాట అని ఇంతగా అంటున్నానే, అలాంటి పిల్లకు నా గది కూడా ఇంకో వైవా పరీక్ష అయిపోవచ్చు. అందుకని మొదట మౌనంగా కూర్చోనివ్వండి. చదవడం అయ్యాక అక్కడ టీ ఒకటి పెట్టండి. మిగతాది టీ చూసుకుంటుంది.

చోటు లేదంటారా? 2023లో ప్రధాని ‘మన్ కీ బాత్’లో హైదరాబాదుకు చెందిన పదకొండేళ్ల అమ్మాయి గురించి చెప్పారు. ఆ సెప్టెంబరు నాటికే ఆ పిల్ల ఏడు లైబ్రరీలు పెట్టింది, మొదటి ఆలోచన క్యాన్సర్ ఆస్పత్రిలో పిల్లలను చూసి వచ్చిందట. పదకొండేళ్ల పిల్లకు దొరికిన చోటు యాభై ఏళ్లు దాటిన కాలనీ సంఘ అధ్యక్షులకు దొరకదా? కమ్యూనిటీ హాలుకు ఆదివారం సాయంత్రం పెళ్లి లేకపోతే తాళమే. హబ్సిగూడలో పీహెచ్‌డీ చేస్తున్న పరిశోధక విద్యార్థులు దేశం నలుమూలల నుంచి వచ్చి అద్దె గదుల్లో ఉన్నారు. వాళ్లలో చదువరులు ఉంటారు, ఒంటరితనమూ ఉంటుంది. వాళ్లను నాచారం సర్కారు బడి పిల్లల పక్కన కూర్చోబెట్టే ఆలోచన ఇప్పటిదాకా ఎవరికీ రాలేదంటే, ప్రహరీగోడ అవతల ఎవరున్నారో మనం ఎప్పుడూ తొంగిచూడలేదని అర్థం.

ఇక నిర్వాహకులకు నా విన్నపం. ఈ సభకు హాలు, మైకు, బ్యానరు, టిఫిన్లు కలిపి ఎంతయిందో నేను ముందే అడిగి తెలుసుకున్నాను. అంకె ఇక్కడ చెప్తే బాగోదు. వచ్చే ఏడాది ఉపన్యాసం మానేసి ఆ డబ్బుతో ‘ప్రజల మనిషి’ ప్రతులు కొనండి. ఉప్పల్, నాచారం, రామంతాపూర్ జూనియర్ కాలేజీల్లో అడిగినవాళ్లకే ఇవ్వండి, పంచిపెట్టవద్దు. ఆ నవలలో కంఠీరవం చేసింది సరైనదేనా, ఆ ఊరి దొర ఇవాళ ఏ రూపంలో ఉన్నాడు, అసలు నవలగా అది నిలబడిందా లేదా అన్నది వాళ్లే ఇదే వేదిక మీద తేల్చుకుంటారు. దాంట్లో కొంతమంది ఆ నవల విసుగ్గా ఉందంటారు. అననివ్వండి. వట్టికోట అభిమానులు మధ్యలో లేచి వాళ్లను సరిదిద్దకుండా చూసుకునే బాధ్యత ఎవరికైనా అప్పగించండి. నాకు ఆహ్వానం పంపితే ప్రయాణ ఖర్చులు నావే.

ఇప్పుడు ఆ మైకు వెనక్కి ఇవ్వండి. ఆ తీగ అక్కడి దాకా రాకపోతే, వాళ్లే ముందుకు వస్తారు. ముందు వరుసలోవాళ్లు దయచేసి కొంచెం జరగాలి.